ఎవరని అడగని మనిషి

జూన్ నెలలో తిరుపతి నుంచి చిత్తూరు బస్సెక్కితే నేను కిటికీ పక్కన కూర్చోను. ఊరు దగ్గర పడేసరికి మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డు వారగా బారులు తీరి ఉంటాయి. అడుగున నలిగిన కాయల రసం రోడ్డు మీదికి కారి, ఎండకు పులిసి, ఈగలు ముసిరి, తీపీ పులుపూ సొన ఘాటూ కలిసిన వాసన ఒకటి బస్సులోకి కొడుతుంది. పక్కనున్నవాళ్ళు "అబ్బ, ఎంత కమ్మగా ఉండాదో" అంటారు. నేను మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. మొన్న కూడా అంతే. ఒక ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు అడ్డం వచ్చి బస్సు ఆగిపోయింది. లోపలినుంచి ఇనుము మీద ఇనుముతో కొట్టిన మోత వినిపించింది. ఏ మెకానిక్కో సుత్తి పట్టుకుని ఉంటాడు. నేను మాత్రం సీట్లోంచి సగం లేచాను. ఆ మోత వింటే లేచి నడవడం నా కాళ్ళకు నేర్పింది చెంగల్రాయుడు సారు. ఆయన గురించి మంచిగా చెప్పాలో చెడ్డగా చెప్పాలో తేల్చుకోలేక ఇన్నేళ్ళూ ఎవరితోనూ చెప్పలేదు. ఇప్పటికీ తేలలేదు గానీ, నోరు మూసుకుని ఉండడం మాత్రం విసుగెత్తింది.

డెబ్బైల చివర్లో, చిత్తూరు బయట ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి చేరాను. పదో తరగతి పాసైన ఆడపిల్లనని నా చేతికి కత్తి ఇవ్వకుండా ఒక బల్ల చూసుకునే పని అప్పగించారు. పొడవాటి రేకు బల్ల అది. దానికి రెండు పక్కలా ఆడవాళ్ళు నిలబడి, కడిగిన కాయల తొడిమ కోసి, తొక్క తీసి, తొట్టిలో వేస్తారు. తొట్టి యంత్రం దగ్గరికి పోతుంది. యంత్రం తీసిన గుజ్జును ఆవిరి మీద కాచి, డబ్బాల్లో పోసి, సీలు వేస్తారు. పనంతా మామిడికాయల కాలంలోనే. ఆ కాలంలో పని దొరికిన ఇంట్లో మిగతా సంవత్సరం పొయ్యి వెలుగుతుంది, దొరకని ఇంట్లో వెలగదు. అందుకే అక్కడ అందరికీ ఒకటే భయం, 'రేపట్నించి రావద్దు' అనే మాట.

ఆ మాట మేస్త్రి నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. గుజ్జులో పురికొస కనిపించినా, డబ్బా కారినా, ఆయన మొదట అరిచేది "ఎవురే అది?" అని. ఎవరో తేలేదాకా బల్లల వెంట తిరిగి, నోటికొచ్చినట్టు తిట్టి, చివరికి ఎవరో ఒకరిని గేటు దాకా తరిమేవాడు. దాంతో అందరూ అన్నీ దాచడం నేర్చారు. వేలు తెగితే కొంగు చింపి చుట్టుకుని, ఆ చెయ్యి కనబడకుండా పని చేసేవాళ్ళు. ముక్కల మీద రక్తం పడితే ఇంకో దోసెడు ముక్కలు పైన వేసేసేవాళ్ళు. ఆ గుజ్జు ఎవరి పిల్లలు తిన్నారో దేవుడికే తెలియాలి. బయటికి మాత్రం మా ఫ్యాక్టరీలో తప్పులే జరగవని పేరు.

అలాంటి చోటికి చెంగల్రాయుడు సారు మేనేజరుగా వచ్చారు. పాకాల మనిషి. పొట్టిగా ఉండేవారు, చొక్కా నిండా సొన మరకలు, బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. కోపమొస్తే ఆ లవంగాన్ని పటుక్కున కొరికేవారు. అంతకు మించిన తిట్టు ఆయన దగ్గర లేదు. వచ్చిన మొదటి వారంలోనే సీలు సరిగా పడక డబ్బాలు కొన్ని కారిపోయాయి. మేస్త్రి అలవాటు ప్రకారం తిట్లు లంకించుకున్నాడు. సారు నింపాదిగా నడిచి వచ్చి, "యాడ?" అన్నారు.

మేస్త్రికి అర్థం కాలేదు. "ఎవురో చెప్పమని అడగతా ఉండాను సార్. ఒక్కతీ నోరు మెదపడం లేదు."

"ఎవురనేది నాకొద్దప్పా. యాడ జరిగిందో సూపించు."

చూస్తే సీలు వేసే యంత్రంలో ఒక మర వదులైపోయి ఉంది. అది బిగించాక కారడం ఆగిపోయింది. ఆ సాయంత్రం ఆడవాళ్ళు గేటు దాటేదాకా ఆ ముచ్చటే చెప్పుకున్నారు. మేనేజరు అనేవాడు వచ్చి, ఎవరని అడగకుండా వెళ్ళిపోయాడని వాళ్ళకు నమ్మబుద్ధి కాలేదు.

తర్వాత పాకాలలో పాత ఇనుము కొట్టు నుంచి ఒక రైలుపట్టా ముక్క తెప్పించి, బల్లల మధ్య గొలుసుతో వేలాడదీయించారు. పక్కనే ఒక ఇనుప కడ్డీ. ఏ తప్పు జరిగినా, ఎవరైనా సరే, దాన్ని కొట్టొచ్చు, కొట్టగానే యంత్రం ఆగుతుంది, కొట్టినామెను ఎవరూ ఏమీ అనరు అని చెప్పారు. అందరూ తలలూపారు. ఒక్కరూ కొట్టలేదు. వారాలు గడిచాయి. మేస్త్రి ఆ గంటను చూసినప్పుడల్లా ముసిముసిగా నవ్వేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి అది ఖంగుమంది. అందరం ఉలిక్కిపడి చూస్తే కడ్డీ పట్టుకున్నది సారే.

"ఆవిరి నేనే ఎక్కువ తిప్పించినాను. గుజ్జు మాడిపోయింది. రాండి, యాడ మాడిందో సూద్దురు గానీ," అన్నారు.

మేమంతా వెళ్ళి చూశాం. ఆయన నిజంగానే మాడ్చారు. వెనకనుంచి మునెమ్మ అనే ఆమె, "మా ఇంట్లో కూడు మాడితే మా మామ గంట కొట్టడు సారూ, నన్ను కొడతాడు," అంది. అందరూ గొల్లుమన్నారు, సారు కూడా. మరుసటి వారం గంట మొదట కొట్టింది ఆ మునెమ్మే. ఆ తర్వాత అది మోగుతూనే ఉంది. మోగే కొద్దీ తప్పులు తగ్గాయి. వేలు తెగితే ఇప్పుడు పైకెత్తి చూపించేవాళ్ళు. మేస్త్రి కూడా 'ఏమే' మానేసి 'ఏమ్మా'లోకి దిగాడు, దిగక ఆయనకు దారి లేదు.

గంట మోగగానే అక్కడికి వెళ్ళే పని నాకు అప్పగించారు. మొదటిరోజు నేను పరిగెత్తాను. సారు నన్ను పక్కకు పిలిచి, "పరిగెత్తొద్దు పాపా. నువ్వు ఉరికితే కొట్టినామె బెదిరిపోతుంది. నడిచి పో. పొయ్యి, యాడ అని అడుగు, అంతే," అన్నారు. నా జీవితంలో నాకెవరూ అంత చిన్న మాటలో అంత పెద్ద పని నేర్పలేదు. మా నాయన కూడా నేర్పలేదు. సారంటే నాకు భక్తి అని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

ఇప్పుడు గాజుల సంగతి చెప్పాలి. కోత బల్లల దగ్గర మట్టిగాజులు ప్రమాదం. పగిలితే గాజుముక్క గుజ్జులో కలుస్తుంది. తీసేయమంటే మొగుడున్న ఆడది ఏదీ ఒప్పుకోలేదు, బోడి చేతులతో ఇంటికి పోతే అత్త ఊరుకుంటుందా? సారు వాళ్ళతో వాదించకుండా, గాజుల మీద గుడ్డ చుట్టి కట్టుకునే పద్ధతి పెట్టారు. పొద్దున్నే ఒకరి చేతికొకరు గుడ్డ కట్టుకోవడం చూస్తే పెళ్ళింట్లో ఉన్నట్టుండేది. గుడ్డ తడిసి వదులవుతుందని మధ్యలో విప్పి మళ్ళీ కట్టాలి. ఆ ఎండాకాలం కాయలు విపరీతంగా వచ్చి పడ్డాయి. మళ్ళీ కట్టుకునే తీరిక ఎవరికీ ఇవ్వలేదు.

ఆరోజు సరుకు కొనడానికి మద్రాసు నుంచి మనుషులు వచ్చారు. మా ఓనరు తెల్లపంచె కట్టుకుని వాళ్ళను దగ్గరుండి తిప్పుతున్నాడు. సారుకు నగరి దగ్గర పెట్టబోయే కొత్త ఫ్యాక్టరీ అప్పగిస్తారని అప్పటికే మాలో అందరికీ తెలుసు. సరిగ్గా వాళ్ళు మా బల్ల దగ్గరికి వచ్చినప్పుడే గంట మోగింది. యంత్రం ఆగింది. నేను నడిచి వెళ్ళాను. మునెమ్మ కడ్డీ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది, మణికట్టు దగ్గర గుడ్డ జారిపోయింది.

"యాడక్కా?" అన్నాను.

"ఆ తొట్లో పాపా. గాజు పగిలింది. ఒక ముక్క దొరికింది, ఇంకోటి దొరకలా. తొట్టంతా పారబోయల్ల."

ఆమె ఆ మాట చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. యంత్రం ఆ ముక్కను నలిపి గుజ్జులో కలిపేసేది. మద్రాసు వాళ్ళలో ఒకాయన ఓనరు చెవిలో ఏదో అన్నాడు. ఓనరు ముఖం నల్లబడింది. సారు వైపు తిరిగి, మేము మరిచిపోయిన ఆ మాటను అడిగాడు.

"ఎవురు?"

నాకు ఏ భయమూ కలగలేదు. 'ఎవురనేది వద్దు' అని సారు అంటారనే అనుకున్నాను. ఆ మాట వినడానికి బల్లల దగ్గర అందరూ తలలెత్తారు. లవంగం పటుక్కుమంది. ఆయన ఓనరు వైపు చూశారు, మద్రాసు వాళ్ళ వైపు చూశారు, మా వైపు మాత్రం చూడలేదు.

"మునెమ్మ," అన్నారు.

"ఆమే గంట గూడా కొట్టింది సార్," అన్నాను నేను ఉండబట్టలేక. "లేకుంటే..."

"నిన్నెవురడిగినారు?" అన్నాడు ఓనరు. మునెమ్మను ఆ నిమిషమే వెళ్ళిపొమ్మన్నాడు. ఇక ఈ గేటు దగ్గర కనబడొద్దన్నాడు.

ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. చేతికి వేలాడుతున్న గుడ్డ విప్పి బల్ల మీద పెట్టింది. సారు ముందు ఆగింది.

"ఎవురని అడగనంటివే సారూ," అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. నిజంగానే ఆయన మరిచిపోయాడేమో, గుర్తు చేద్దామన్నట్టు అంది. తర్వాత గేటు వైపు నడిచింది.

సాయంత్రం ఆయన గదిలోకి వెళ్ళాను. నన్ను చూడగానే, నేనడగకముందే, చెప్పడం మొదలుపెట్టారు. "నేను పేరు చెప్పకుండా ఉంటే ఓనరు రేపు పొద్దన్నే గంట ఊడబెరికించేస్తాడు పాపా. ఇన్నాళ్ళు కష్టపడి నిలబెట్టింది పోతుంది. ఒకామె పోతే పోయింది, గంట మిగిలింది గదా. ముందు ముందు ఎంతమందికి మేలో ఆలోచించు."

"ముందు ముందు దాన్ని ఎవురు కొడతారు సార్?" అన్నాను.

ఆ గదిలోంచి బయటికి వస్తుంటే నాకు ఒళ్ళంతా మంటగా ఉంది. చెడ్డవాడి మీద కోపం వస్తే నాలుగు తిట్లు తిట్టి దులిపేసుకుంటాం. ఇది అలా దులిపితే పోయేది కాదు.

మరుసటి మామిడికాయల కాలానికి సారు నగరి వైపు కొత్త ఫ్యాక్టరీకి వెళ్ళిపోయారు. గంట మాత్రం ఊడబెరకలేదు. దానికి ఎర్ర రంగు వేయించారు. ఎవరైనా చూడడానికొస్తే ఓనరు వాళ్ళను ముందుగా అక్కడికే తీసుకెళ్ళి, మా దగ్గర కూలిమనిషికి కూడా యంత్రం ఆపే హక్కు ఉందని గొప్పగా చెప్పేవాడు. వచ్చినవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. అది ఈమధ్య ఎప్పుడు మోగిందని ఒక్కరూ అడగలేదు. మోగడం మునెమ్మతోనే ఆగిపోయింది. ఒకరోజు నా బల్ల దగ్గర ఒకమ్మాయి ఎడమచేతిని బల్ల కిందికి పెట్టుకుని పని చేస్తుంటే, లాగి చూశాను. వేలికి కొంగు గుడ్డ, గుడ్డ నిండా నెత్తురు. గంట పక్కనే ఉంది. దాని వైపు ఆ పిల్ల కన్నెత్తి కూడా చూడలేదు. ఆ వారమే నేను పని మానేశాను.

తిరుపతిలో స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే చోట చేరాను. కొన్నేళ్ళకు అక్కడి అమ్మాయిలకు నేనే పెద్దదాన్నయ్యాను. సూది విరిగి ముక్క బట్టలో పోతే వాళ్ళు వెంటనే చెయ్యెత్తుతారు. నేను నడిచే వెళ్తాను, ఎక్కడ అనే అడుగుతాను. ఎవరని పైనుంచి అడిగినప్పుడు మాత్రం నేను చెప్పే పేరు ఒకటే, విజయ. అది నా పేరు. దానివల్ల నాకు పెరగాల్సినవి పెరగలేదు, రావాల్సినవి రాలేదు. పోనీ.

ఒకసారి నగరిలో బంధువుల పెళ్ళికి వెళితే, మగ్గాల షెడ్డులో నూలు చుడుతూ మునెమ్మ కనిపించింది. చేతులకు ప్లాస్టిక్ గాజులు. వాటిని చూపించి, "ఇవి పగలవు పాపా, బాగుండాయి," అని నవ్వింది. ఆ ఏడాది పని పోయాక వాళ్ళ ఇల్లు ఎట్లా నడిచిందో చెప్పింది, నేను అదంతా ఇక్కడ రాయలేను. పెద్దవాడిని బడి మాన్పించేశారని మాత్రం చెబుతాను. నేను సారును తిట్టబోతే ఆమె అడ్డం వచ్చింది.

"ఆయప్ప మంచోడే పాపా. చెడ్డోడైతే నేను గంట కొట్టింటానా?"

ఆ మాటకు నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

సారును చివరిసారి చూసింది చిత్తూరు బస్టాండులో. రిటైరైపోయారు, బాగా వంగిపోయారు, బుగ్గలో లవంగం మాత్రం అలాగే ఉంది. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నారు. ఆ మాటా ఈ మాటా మాట్లాడి, నా బస్సు కదలబోతుండగా, చాలాసేపటినుంచి నోట్లో పెట్టుకున్న మాట బయటపెట్టారు.

"మునెమ్మ యాడుండాది పాపా? నీకేమన్నా తెలుసునా?"

వీధి తెలుసు, షెడ్డు తెలుసు, ఆమె ఏ తలుపు పక్కన కూర్చుంటుందో కూడా తెలుసు. ఆయన వెళ్ళి ఆమె ముందు నిలబడితే ఆమె క్షమించేస్తుందనీ, పీట వేసి కూర్చోబెట్టి మజ్జిగ కూడా ఇస్తుందనీ నాకు తెలుసు.

"తెలీదు సార్," అన్నాను.

నమ్మలేదని ఆయన కళ్ళే చెప్పాయి. ఇంకోసారి అడగలేదు. బస్సెక్కి కూర్చున్నాను, వెనక్కి తిరిగి చూడలేదు. మన చేతికింద మనిషి ఎవరో, ఎక్కడుందో పైవాళ్ళకు చెప్పకూడదని నేర్చుకున్నది ఆయన దగ్గరే. నాకు మాత్రం ఆయన ఎప్పటికీ పైవాడే.