మామ్మ పెట్టిన ఆఖరి ఆకు కట్ట

మా చిన్నప్పుడు... వానలకి బడికి సెలవిచ్చేశారని తెలియగానే పుస్తకాల సంచి అరుగు మీద పడేసి, అమ్మ వెనకాలే చేలోకి పరిగెత్తాను. ఆ రోజు ఊడ్పులు, అంటే వరినాట్లు, మొదలు. అంతకంటే పెద్ద సంగతి... ఆ రోజు మా అమ్మ మేస్త్రమ్మ అవబోతోంది!

ఐనవిల్లి దగ్గర మా పేటలో ఆడవాళ్ళంతా ఒకే ముఠాగా ఊడ్పులకి వెళ్ళేవారు. అప్పటిదాకా మా మామ్మే, అంటే మా నాన్నకి అమ్మ, మేస్త్రమ్మ. ముందు ఎవరి చేలో దిగాలో, ఎప్పుడు గట్టెక్కాలో అన్నీ ఆవిడ మాటే. ఆ ఏడు మోకాళ్ళ నొప్పులతో ఇక నావల్ల కాదనేసింది.

కొత్త మేస్త్రమ్మని ఎన్నుకోడానికి మా పేటలో ఓ పద్ధతి ఉండేది. పోటీకి నిలబడ్డవాళ్ళు గట్టు మీద కూర్చోవాలి. మిగతావాళ్ళు తలా ఒక ఆకు కట్ట... అదే, ఆకుమడిలోంచి తీసిన వరినారు కట్ట... తెచ్చి నచ్చిన మనిషి ముందు పెట్టాలి. ఎక్కువ కట్టలు ఎవరికి పడితే వాళ్ళే మేస్త్రమ్మ. ఇక ముఠాలో ఎవరూ ఆవిడ మాట దాటకూడదు.

గట్టు మీద ఇద్దరే. మా అమ్మ, పక్కింటి రత్నం అత్త. ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. మా మేక వాళ్ళ ఆనపపాదు మేసేసిందని మొదలైన గొడవ అది... మేక పోయింది గానీ గొడవ పోలేదు.

అమ్మ నాటుతుంటే చూడాలి! వంగిందంటే చెయ్యి ఆగేది కాదు. రత్నం అత్తది నత్త నడక అని నా ఘనమైన అభిప్రాయం. అసలు పోటీ ఏముందిలే అనుకున్నాను.

ఒక్కో కట్టా పడుతోంది... నేను వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాను. అమ్మకి ఏడు. రత్నం అత్తకీ ఏడే! తీరా చూస్తే, ఇంకా కట్ట పెట్టనిది ఒక్క మామ్మే. హమ్మయ్య అనుకున్నాను. సొంత కోడల్ని కాదని ఎక్కడికి పోతుంది?

మామ్మ కుంటుకుంటూ వచ్చింది. అమ్మ ముందు కాసేపు ఆగింది. తర్వాత ఇంకో రెండడుగులు వేసి, కట్ట రత్నం అత్త ముందు పెట్టేసింది.

నేను నోరెళ్ళబెట్టేశాను. గెలిచిన రత్నం అత్త కూడా తెల్లమొహం వేసుకుని చూస్తోంది.

"మామ్మా! నీకు కళ్ళు కనబడ్డం లేదా?" అని అరిచేశాను.

"బాగానే కనబడుతున్నాయే" అంది మామ్మ. "మీ యమ్మ వంగిందంటే మరి తలెత్తదు. పక్కన ఎవరు కూలబడిపోయేరో దానికి తెలీదు. పోయినేడు నేను బురదలో పడిపోతే, తలెత్తి చూసింది రత్నమే."

అందరి ముందూ అనేసింది! అమ్మ మొహం కందిపోయింది. ఇక జుట్లు పట్టుకోవడమే తరువాయి అనుకున్నాం అందరం.

అమ్మ లేచింది. చీర ఎగదోపుకుంది. తన ముందున్న ఏడు కట్టలూ ఎత్తి రత్నం అత్త ముందున్న కట్టల పక్కన పేర్చింది.

"ఎక్కణ్ణించి మొదలెడదామండి, వదినా?" అంది.

అండి! నిన్నటిదాకా "అది" అన్న మనిషిని పట్టుకుని అండి అంటోంది! నాకు ఏడుపొచ్చేసింది. ఆ రోజు మామ్మ మీదకంటే అమ్మ మీదే ఎక్కువ కోపం వచ్చింది నాకు.

మధ్యాహ్నం కామందుగారు, అంటే ఆ చేను గల ఆయన, గొడుగేసుకుని గట్టు మీదకొచ్చారు. జరిగింది ఆయన చెవిన పడినట్టుంది, తిన్నగా అమ్మ దగ్గరే ఆగారు.

"ఏమ్మా, నీ అంత చురుగ్గా నాటేవాళ్ళెవరున్నారు? సగం మందిని తీసుకుని నువ్వే వేరే ముఠా కట్టెయ్. మా చేలన్నీ నీకే ఇచ్చేస్తాను."

ఒప్పుకోమ్మా, ఒప్పుకో... అని లోపల్లోపల దణ్ణాలు పెడుతున్నాను. అమ్మ తల కూడా ఎత్తలేదు.

"మా మేస్త్రమ్మగారు అక్కడున్నారండి. ఏ మాటైనా ఆవిణ్ణే అడగండి, ఆయ్."

సాయంత్రం కాలవగట్టు మీద ఇంటికొస్తూ ఉండబట్టలేక అడిగేశాను, ఎందుకలా అన్నావని. "మీ మామ్మ చెప్పింది నిజమే కదే..." అంది అమ్మ. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నడిచింది.

ఆ ముఠా పద్దెనిమిదేళ్ళు రత్నం అత్త మాట మీద నడిచింది. అమ్మ ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. అత్త ఇంట్లో పురుళ్ళకీ, జ్వరాలకీ ముందు పరిగెత్తేది అమ్మే.

ఇప్పుడు మా వైపు చేలల్లో నాటు మిషన్లు దిగాయి. ముఠాలు చెదిరిపోయాయి. పేట మొత్తానికి ఓ వాట్సాప్ గ్రూపుంది... ముగ్గురు అడ్మిన్లు, ఒకరి మాట ఒకరు వినరు. అలిగి బయటికెళ్ళి కొత్త గ్రూపు పెట్టుకునేవాళ్ళే అందరూ. దాచడమెందుకు... నేనూ రెండుసార్లు అలిగి వెళ్ళినదాన్నే.

పోయిన నెల రత్నం అత్త పోయింది. డెబ్బై దాటిన మా అమ్మ, ఎవరు పట్టుకున్నా ఆగకుండా వెళ్ళి అత్తని ఉంచిన శవపెట్టె మీద పడిపోయింది.

"మీరు చెప్పకుండా నేనెప్పుడైనా ఇంటికెళ్ళేనా వదినా? మరి మీరు నాతో చెప్పకుండా ఎలా వెళ్ళిపోయేరండీ..."

ఒకరి మాట వింటానని ఒప్పుకున్నాక అంతలా వెంట నిలబడ్డ మనుషులు మీ ఊళ్ళో ఉన్నారా? ఉంటే వాళ్ళ గురించి రెండు ముక్కలు రాయండి... మా అమ్మకి చదివి వినిపిస్తాను.