తెగిందా, విరిగిందా

లిలువా బజారులో సంచులమ్మే అతనికి లిల్లీ అంటే భయం. ఏ సంచి చేతికిచ్చినా రెండు పిడులూ పట్టుకుని ముందు మెల్లగా, తర్వాత గట్టిగా లాగి చూస్తుంది. "దీదీ, కొంటారా, చంపుతారా?" అని అతను మొత్తుకుంటాడు. ఏం చేస్తుంది పాపం, చేతికి పట్టేసిన అలవాటు. రైల్వే వర్క్‌షాపులో పనికని ఆమె తాత భీమిలి నుంచి లిలువా వచ్చాడు. మనవరాలు అదే ఊళ్లో ఓ టెస్టింగ్ ల్యాబులో, ఉక్కును తెగేదాకా లాగే మిషను దగ్గర కుదురుకుంది.

ఆ ఉదయం ఆమె మట్టి కప్పులో టీతో ల్యాబు గుమ్మంలో నిలబడి ఉండగా లోపల్నుంచి కేక వినబడింది. ఈమధ్యే పనిలో చేరిన చెల్లెలి కూతురు కారుణ్య.

"పెద్దమ్మా, ఖిదిర్‌పూర్ కడ్డీ విరిగిపోయింది!"

లిల్లీ టీ అక్కడే వదిలేసింది. ఆ కడ్డీలతో ఖిదిర్‌పూర్ ఓడల డాక్‌లో క్రేను కొక్కేలకు పిన్నులు చేస్తారు. ఆ కొక్కేల కింద నిలబడి సరుకు దింపించేది ఆమె కొడుకు ఆండ్రూ. విరగడమంటే సాగకుండా సుద్దముక్కలా పుటుక్కుమనడం. అప్పుడు కింద ఉన్నవాడికి తప్పుకునే వ్యవధే ఉండదు.

పరుగున వెళ్లి ముక్కలు చేతిలోకి తీసుకుంది. చివర్లు సన్నగా సాగి ఉన్నాయి. ఒకటి చిన్న గిన్నెలా గుంటపడింది.

"ఇది విరగడమేటే? తెగింది."

"హిందీలో రెండూ ఒకటే కదా? టూట్ గయా."

"నీ టూట్ గయా తగలెయ్యా! కర్ర విరుగుద్ది, తాడు తెగుద్ది. ఇది సాగి సాగి తెగింది సూడు. నా పేణాలు తీసేసినావు!"

ఊపిరి పీల్చుకుందో లేదో, మరొకటి కంటబడింది. తెగింది కడ్డీ నడుమ కాదు. కడ్డీని పట్టి ఉంచే మిషను దవడ పక్కనే, కొలతకు పెట్టిన గుర్తులకు అవతల. బలం కూడా ఉండాల్సినదానికంటే కాస్త తక్కువొచ్చింది.

"ఫెయిలని రాసేద్దాం పెద్దమ్మా. అన్నయ్య నిలబడేది దాని కిందే."

లిల్లీ మనసూ అటే లాగింది. రాసేస్తే ఆ సరుకంతా వెనక్కి పోతుంది, తనకు నిశ్చింత. కాసేపు ముక్కల్ని అరచేతిలో దొర్లించింది.

"తప్పు కడ్డీదో, వంకరగా బిగించిన మనదో తెలీకుండా ఎలా రాస్తావే? నా కొడుకని ఉక్కు మీద నింద ఏస్తానేటి? ఇంకోటి తియ్యి."

ఈసారి తనే కూర్చుంది. కడ్డీ మందం అక్కడక్కడా కొలిచింది. గుర్తులు పెట్టింది. పై దవడలో బిగించి, నిటారుగా ఉందో లేదో ముందు నుంచీ పక్క నుంచీ చూసి, అప్పుడు కింది దవడ బిగించింది. మిషను మెల్లగా లాగసాగింది. తెర మీద బలం చూపే అంకె ఎక్కి ఎక్కి ఒకచోట తటపటాయించింది.

"లొంగింది. ఇంక వదిలేసినా పాత పొడవుకి రాదు," అంది లిల్లీ.

అంకె మళ్లీ ఎక్కింది. ఇంకెక్కలేక దిగుతుండగా కడ్డీ నడుమ మెడలా సన్నబడింది. లిల్లీ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనో లెక్కో. ఫట్!

రెండు ముక్కలూ అతికించి పట్టుకుని గుర్తుల మధ్య దూరం కొలిచింది. సాగుడు బాగుంది, బలమూ బాగుంది. మొదటి కడ్డీ బిగింపులో వంకర పోయిందని, దాన్ని లెక్కలోకి తీసుకోలేదని కారుణ్య చేతే రాయించింది.

మధ్యాహ్నం ఆండ్రూ ఫోన్ చేశాడు. "మా కడ్డీ ఏటైందమ్మా?"

"తెగిందిరా."

"హమ్మో! మరి దాని కింద నన్ను నిలబడమంటావేటి?"

"నిలబడు. నువ్వెత్తే బరువుకి దానికేటీ అవదు. అయినా అది చెప్పాపెట్టకుండా పోయే రకం కాదు, ముందు సాగుద్ది. నువ్వు మాత్రం ఫోన్ జేబులో ఎట్టి పైకి సూత్తుండు."