చేతికంటిన నలుపు

మా తోడికోడలు పోయి రెండు వారాలయింది. దబీర్‌పురాలో మా ఇంటి మేడమీద నిద్రలోనే వెళ్లిపోయింది. ఇది చదివేవాళ్లలో చాలామందికి ఆమె కెమిస్ట్రీ మేడమ్. నాకు మాత్రం, మా మరిదిని చేసుకుని ఇంటికొచ్చిన వారానికే నా మిక్సీ జార్లో నల్లటి పొడి నూరిన మనిషి.

"ఏందే ఇది, కాటుకా?" అన్నాను.

"కార్బన్ అక్కా. గీ జార్ల ఇంక పచ్చడి గిట్ల చెయ్యకు."

"మరి నేనేం నూరుకోవాలె, బొగ్గా?"

మర్నాడు కొత్త జార్ తెచ్చి పెట్టింది. తప్పయిందనే అలవాటు ఆమెకు లేదు, తెచ్చిపెట్టే అలవాటు ఉంది.

నేను తెలుగు ఎమ్మే. నాకు అర్థమయ్యేదాకా చెప్పడం ఆమె పంతం. ప్లాస్టిక్ కరెంటును ఆపుతుంది. అందులో కార్బన్ పొడి తగినంత కలిపితే పోనిస్తుంది; పెద్ద కేబుళ్లలో తీగ చుట్టూ అలాంటి పొర ఒకటి ఉండాలట. తెల్లటి అల్యూమినా పొడి కలిపితే వేడిని బయటికి పంపుతుంది గానీ కరెంటును పోనివ్వదు. ఏది ఎంత కలిపితే కేబుళ్లకు పనికొస్తుందన్నదే ఆమె డాక్టరేట్. కష్టమంతా కలపడంలోనే ఉందనేది. "కలిసినట్టే కనవడ్తది అక్కా, కోసి చూస్తే ఉండలుంటయి." మా ఇంటి పెళ్లిళ్లలో ఇరుపక్షాల చుట్టాలను చూసినప్పుడు కూడా ఇదే మాట నా చెవిలో వేసేది. నవ్వు ఆపుకోవడం నా వంతు.

పాఠాలు, వంట, పిల్లల మధ్య ఆ పని ఏళ్లు సాగింది. చివరికి చాలా తక్కువ కార్బన్‌తోనే కరెంటు పోయే ప్లాస్టిక్ బిళ్లలు చేసింది. గైడు పొంగిపోయి పెద్ద సభలో ప్రసంగానికి ఆమె పేరు ఇచ్చేశారు. డాక్టరేట్ వస్తే కాలేజీలో హెడ్ కుర్చీ ఆమెదేనని అందరూ అనుకున్నారు.

అప్పుడొక సాయంత్రం వాకిట్లో కూర్చుని ఆ బిళ్లలనే గరుకు కాగితంతో రుద్దుతూ కనిపించింది.

"మంచిగున్నయి కదనే, ఎందుకు గీకుతున్నవ్?"

"కార్బన్ లేని తెల్ల బిళ్లల గూడ కరెంటు పోతున్నదక్కా. పోవద్దు." వేళ్లు చూపించింది. గోళ్ల సందుల్లో నలుపు. "నా చేతిపొడి బిళ్లలకంటింది. కరెంటు లోపల్నుంచి పోతలేదు, నా వేలిముద్రల మీదికెళ్లి పోతున్నది."

తెల్లారి బిళ్లలు స్పిరిట్‌తో తుడిచి కొలిచింది. మీటర్ ముల్లు కదల్లేదు. గైడు దగ్గరికి వెళ్లి చెప్పింది. "ఈ సంగతి మనిద్దరికే తెలుసు గదమ్మా" అన్నారట ఆయన.

"ముగ్గురికి సార్. మీటర్‌కు గూడ తెల్సు" అందట ఈవిడ.

సభకిచ్చిన పేరు వెనక్కి తీసుకుంది. బిళ్లలన్నీ మొదటి నుంచి పోసింది. డాక్టరేట్ వచ్చేసరికి హెడ్ కుర్చీలో ఆమె జూనియర్ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"నీ నిజాయితీని ఉప్పుల ఊరబెట్టుకో" అన్నాను.

"కరెంటు పోతదని నమ్మి కేబుల్ చేస్తరక్కా. పోకుంటే తొడుగు లోపల్లోపల కాలుతది. ఎవరింటి ముందట పేల్తదో" అని అన్నం కలుపుకుంది.

ఆ కుర్చీ మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. లెక్చరర్‌గానే రిటైరైంది. నేను మాత్రం ఎత్తుతూనే ఉన్నాను. ఇంట్లో ఒకరైనా ఎత్తాలి కదా.

పదకొండో రోజు ఆమె శిష్యురాళ్లు వచ్చారు. తలలు నెరిసినవాళ్లు, నెరవనివాళ్లు, బార్కస్ నుంచి బురఖాలో ఒకామె. భోజనాలయ్యాక వాకిట్లో కుళాయి దగ్గర సబ్బుతో మోచేతులదాకా కడుక్కున్నారు. నేను ఉతికిన టవల్ పట్టుకుని నిలబడ్డాను.

"తుడుచుకోండమ్మా."

"వద్దు అమ్మమ్మా" అంది బార్కస్ ఆమె. "బట్ట మీదిది చేతికంటుతదని మేడమ్ తుడవనియ్యరు."

మిగతావాళ్లు కూడా టవల్ అందుకోలేదు. వాకిట్లో వరసగా నిలబడి, తడి అరచేతులు పైకెత్తి, గాలికి ఆరబెట్టుకుంటున్నారు.