గీత పెట్టిన గడి

నాకు చదవడం రాదని ఇరవై తొమ్మిదేళ్ల వయసులో తెలిసింది. అప్పటికి భద్రాచలం దగ్గర ఒక చిన్న దవాఖానాలో ఏడేళ్లుగా నర్సు ఉద్యోగం చేస్తున్నాను. విదేశంలో పెద్ద ఆసుపత్రిలో, అన్ని యంత్రాలూ ఉన్న వార్డులో ఒక్కసారైనా పని చేయాలని నా కోరిక. దానికి ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. మాట్లాడటానికి భయపడ్డాను, రాయడానికి భయపడ్డాను. చదవడం గురించి మాత్రం రవ్వంత బెంగ లేదు. మా ఇంట్లో చదవడం నేర్పినట్టు ఎవరింట్లోనూ నేర్పరని నాకు గర్వం.

మా నాయన చర్చిలో సంఘపెద్ద. రోజూ పొద్దున్నే కుటుంబ ప్రార్థన. చాప మీద గుండ్రంగా కూర్చుని తలా ఒక బైబిలు వచనం చదవాలి. వేలు పెట్టి, గొంతు విప్పి, మాట మాటా పలకాలి. ‘మరియు’ అన్న మాట ఎగిరిపోయినా మా నాయనకి తెలిసిపోయేది.

"ఒక మాట మింగినవ్. మళ్ల మొదటికెల్లి చదువు" అనేవాడు.

అమ్మ చేసిన చాయ్ చల్లారిపోయేది, బడికి ఆలస్యమయ్యేది. అయినా వదిలేవాడు కాదు. వాక్యంలో ఒక్క మాట వదిలేసినా తప్పే అని మా ఇంటి పట్టుదల. ఆ వేలూ, ఆ పెదవుల కదలికా నాకు నర్సింగు పుస్తకాల్లోకీ, మందుల చీటీల్లోకీ వచ్చేశాయి.

వారం వారం శనివారం సెలవు తీసుకుని తెల్లవారుజామున బస్సెక్కి ఖమ్మం వెళ్లేదాన్ని. కోచింగు గది మార్కెట్ యార్డుకి దగ్గర్లో, ఒక దుకాణం పైన. మిర్చి సీజను కావడంతో పాఠం మధ్యలో అందరం తుమ్ముతూనే ఉండేవాళ్లం. మొదటి రోజే సారు ఒక పేపరు ఇచ్చాడు. మూడు పాఠాలు, నలభై ప్రశ్నలు, గంట టైము. నేను మొదటి పాఠం శుభ్రంగా, ఒక్క మాట వదలకుండా చదివాను. రెండో పాఠం సగంలో ఉండగా టైము అయిపోయింది. మూడో పాఠం దేని గురించో కూడా నాకు తెలియదు.

సారు నా పేపరు చూసి, నన్ను చూసి, "పెదవులు కదుపుతున్నరేంది సిస్టర్?" అన్నాడు.

"చదువుతున్నా సార్."

"ఎవరు చదవమన్నరు? ముందుగాల ప్రశ్నలు చూడండి. పేరా మొదటి లైను, ఆఖరి లైను చూడండి. పేరో, అంకెనో కంటికి తగుల్తది, ఆడ ఆగండి. కడమదంతా వదిలేయండి."

వదిలేయమన్నాడు! చదువు చెప్పే మనిషి చదవొద్దంటున్నాడు. చుట్టూ ఉన్న ఇంజనీరింగు పిల్లలు ఏమీ వింత కానట్టు రాసుకుంటున్నారు. తిరుగు బస్సులో కొత్తగూడెం దాటేదాకా ఆ మాట మింగుడుపడలేదు. అయినా పరీక్ష నాది, అవసరం నాది. నెల తిరిగేసరికి నేనూ వదిలేయడం నేర్చుకున్నాను. వేలు ఒడిలో పెట్టుకుని కళ్లతో పరిగెత్తడం వచ్చింది. మొదట్లో దొంగతనం చేసినట్టు ఉండేది, తర్వాత సరదాగానే ఉంది.

అసలు దెబ్బ ఇంకో శనివారం తగిలింది. ఆ రోజు పాఠం మలేరియా మీద. నాకు నవ్వొచ్చింది. వానలు పడ్డాయంటే మా వార్డులో మంచానికి ఇద్దరు మలేరియా రోగులు. ఆ పాఠం నాకు చదవనే అక్కర్లేదు అనుకున్నాను. కింద వాక్యాలు ఇచ్చి ఒక్కోదానికి మూడు జవాబుల్లో ఒకటి పెట్టమన్నారు. అవును, కాదు, చెప్పలేదు. టకటకా పెట్టేశాను. ఏడింటిలో ఆరు తప్పు.

నాకు కోపం వచ్చింది. "సార్, మీరెప్పుడన్న మలేరియా పేషెంటుని చూసిండ్రా?" అని అడిగేశాను.

సారు నొచ్చుకోలేదు. "చూడలె సిస్టర్. కానీ మీకు తెలిసింది ఎవరడిగిండ్రు? గీ కాగితంల ఉందా లేదా, అంతే. ఉంటే అవును. ఉల్టా ఉంటే కాదు. అసలు ఆ ముచ్చటే లేకపోతే చెప్పలేదు. రాయలేదంటే లేదని కాదు, గది పట్టుకోండి. అందరు ఆడనే పడతరు."

నేను ఆ మాట నోటుబుక్కులో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. పరీక్షకి పనికొచ్చే చిట్కా అనుకున్నాను తప్ప ఇంకేమీ తోచలేదు.

మా దవాఖానాలో కేసు షీటుకి ఒక పద్ధతి ఉండేది. మాట్రన్ అమ్మకి ఖాళీ గడులంటే గిట్టదు. రౌండ్సులో షీటు తిప్పి ఖాళీ కనిపించిందా, అందరి ముందూ దులిపేసేది. అందుకని చేర్చుకునేటప్పుడే వివరం దొరకని ప్రతి గడిలో చిన్న అడ్డగీత పెట్టేసేవాళ్లం. షీటు నిండుగా, చూడముచ్చటగా ఉండేది. నా గీతలు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయని మాట్రన్ అమ్మ కొత్త నర్సులకి చూపించేది కూడా.

మలేరియా పాఠం అయిన సోమవారం అడవి లోపలి ఊరి నుంచి ఒక కోయ ఆమె వచ్చింది. వెదురు మోడు దిగి పాదం కుండలా వాచింది. ఆమెకి తెలుగు రాదు, నాకు కోయ రాదు. ఊరూ పేరూ వెంట వచ్చిన మనిషి చెప్పి వెళ్లిపోయాడు. మిగతా గడుల్లో గీతలు పెట్టాను. డాక్టరు గారు షీటు చూసి పెన్సిలిన్ రాశారు. గీత ఉన్న షీటుకి, మందు పడుతుందో లేదో చూసే టెస్ట్ డోసు కూడా దండగని మా వార్డు అలవాటు.

మధ్యాహ్నం సూదిలోకి మందు లాగి, ఎప్పటిలాగే షీటు మీద వేలు పెట్టి చదివాను. ‘మందులు పడకపోవడం’ అన్న గడి దగ్గర నా వేలు ఆగిపోయింది. అందులో నా గీత ఉంది. పొద్దున పెట్టిన గీత. అవునా, కాదా, చెప్పలేదా? సారు గొంతు చెవిలో వినపడినట్టయింది. డాక్టరు గారు ఆ గీతని ‘లేదు’ అని చదివారు. నేను ఏడేళ్లుగా అలాగే చదివాను. కానీ ఆమెను ఎవరూ అడగనే లేదు.

సూది ట్రేలో పెట్టి మా ఆయాను పిలిచాను. ఆమె తల్లిది కోయ ఊరే. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. సూది చూపించగానే మంచం మీది మనిషి రెండు చేతులతో గొంతు పట్టుకుని చూపించింది.

"పోయినేడు సంతల ఎవరో సూదేసిండట సిస్టరమ్మా. మూతంతా ఉబ్బి, ఊపిరాడక పడిపోయిందట. సచ్చిందనే అనుకున్నరట" అంది ఆయా.

"మరి పొద్దున ఎందుకు చెప్పలే?"

"పొద్దున ఎవరడిగిండ్రు?"

ట్రే బల్ల మీద పెట్టేసి డాక్టరు గారి గదికి వెళ్లి చెప్పాను. డాక్టరు గారు మందు మార్చారు. ఆమె వారానికి కుంటుకుంటూ ఇంటికి వెళ్లిపోయింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ సాయంత్రం ఒక మనిషి గుర్తుకొచ్చాడు.

మూడేళ్ల కింద మిరప కోతకి వచ్చిన కూలీ. కొడవలి తగిలి చెయ్యి తెగి చీము పట్టింది. నేనే పెన్సిలిన్ ఇంజక్షను చేశాను. పావుగంటలో పోయాడు. గుండె ఆగిందని రాశారు. "సూదేసినంకనే కద సిస్టర్ పోయిండు?" అని అతని భార్య నా కొంగు పట్టుకుని అడిగింది. "సూదికి గాదమ్మా, గుండెకు" అని నేనే ధైర్యంగా చెప్పాను. షీటులో ఏమీ లేదు కదా మరి.

మర్నాడు రికార్డు గదిలో దుమ్ములో గంటసేపు వెతికాను. ఆ షీటు దొరికింది. అదే గడి, చక్కటి అడ్డగీత, కింద నా సంతకం. రాసిన ఒక్క మాట వదలొద్దని మా నాయన నేర్పాడు. రాయని దాని ముందు ఆగాలని నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు.

షీటు పట్టుకెళ్లి మాట్రన్ అమ్మకి చూపించాను. ఆమె షీటు కింది దాకా చదివింది. "గుండె ఆగిందని రాసుంది కద బిడ్డా. పాత కాగితాలు తవ్వకు" అంది. తల ఎత్తకుండానే అంది. ఆ రోజు నుంచి నేను గడుల్లో గీతలు పెట్టడం మానేశాను. ఆమె రౌండ్సులో నా షీట్ల దగ్గర ఏమీ అనేది కాదు.

పరీక్ష రాశాను. చదవడంలో కావలసిన దానికంటే ఎక్కువే వచ్చింది. అవును, కాదు, చెప్పలేదు ప్రశ్నలు ఒక్కటీ తప్పలేదనే నా నమ్మకం. మా నాయన ఆ మార్కుల కాగితాన్ని ప్రార్థన చాప మీద పెట్టి దేవుడికి స్తోత్రం చెప్పాడు. అమ్మ ఏడ్చింది. నేను అందరితోపాటు ఆమెన్ అన్నాను.

కొన్ని వారాలకి నేను వెళ్లాలనుకున్న దేశం నుంచి నర్సుల రిజిస్ట్రేషను ఫారం వచ్చింది. పేరు, చదువు, అనుభవం అన్నీ నింపాను. ఆఖరి పేజీలో ఒక ప్రశ్న. మీ తప్పు వల్ల ఎప్పుడైనా రోగికి హాని జరిగిందా? పక్కన రెండు గడులు, అవును, కాదు. పేజీ తిప్పి చూశాను, మళ్లీ తిప్పి చూశాను. మూడో గడి లేదు. అతనికి నిజంగా గుండె జబ్బే ఉందో, నా సూదే చంపిందో ఇక ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగిన మనిషిని నేను అడగలేదు.

ఆ ఫారం ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. ఆ రెండు గడులూ ఖాళీగానే ఉన్నాయి.