పార్థియా యువరాజును కాటారం తీసుకెళ్ళిన రోజు

పోయిన నెల కాటారం నుంచి ఫోను వచ్చింది. పెద్దవంగర హైస్కూల్లో మాకు చరిత్ర చెప్పిన సారు కూతురు.

"నాయినకు చూపు తగ్గుతున్నదక్కా. మొత్తం పోకముందే ఆ యువరాజు పిల్లను ఒక్కసారి జూడాలంటున్నడు."

యువరాజు పిల్ల అంటే ద్వాలి. తండా నుంచి వచ్చి నా పక్కన కూర్చుని చదువుకున్న స్నేహితురాలు. ఆమెను కాటారం చేర్చే పని నా మీద పడింది. అటువైపు వెళ్ళే ఆడవాళ్ళకు ముందే ఒక మాట: ఉచిత టికెట్టుకు చూపాల్సిన ఆధార్ కార్డును సంచి అడుగున దాచుకోకండి. నేను దాచుకుని కండక్టరు చేత చీవాట్లు తిన్నాను.

ఉదయం ఆరుంబావుకు జనగామలో తొర్రూరు బస్సెక్కాను. పక్కసీట్లో పత్తి ఏరడానికి పోతున్న ఒక అవ్వ.

"యాడిదాక బిడ్డా?"

"కాటారం. మా సారును జూడనీకి."

"నెత్తి నెరిసింది, ఇంక సారేందే నీకు!" అని బోసినోటితో నవ్వింది.

నాకూ నవ్వొచ్చింది. ఏం చేయను, ఆ సారు అలాంటివాడు. పాఠ్యపుస్తకంలో రోము గురించి రెండు పేజీలుంటే, ఆయన రెండు నెలలు చెప్పాడు. అందులో సగం పకోరస్ కథే. పార్థియా రాజు కొడుకు. మీసం సరిగా రాకముందే యూఫ్రటీసు నది దాటి రోమన్ల మీదికి దండెత్తాడు. పెద్దయ్యాక మళ్ళీ వచ్చి సిరియా అంతా గెలుచుకున్నాడు. శత్రువు కొడుకే అయినా, న్యాయంగా ఏలాడని అక్కడి జనం అతన్ని ఇష్టపడ్డారట. అతని రౌతులు పారిపోతున్నట్టే గుర్రాలను దౌడు తీయిస్తూ, వెనక్కి తిరిగి బాణాలు వేసేవాళ్ళు. సారు ఈ మాట చెప్పిన రోజు ద్వాలి లేచి, "నేను గొడతా సార్" అంది. జొన్నచేలో పిట్టల్ని తోలే ఒడిసెల పట్టుకుని, మైదానంలో పరుగెత్తుతూ, వెనక్కి తిరిగి రాయి విసిరి గోడ మీది సున్నపు గుర్తును కొట్టింది. సారు బడిలో మా చేత ఆడించబోయే పకోరస్ నాటకంలో యువరాజు వేషం ఆమెకు అప్పుడే ఖాయమైంది. నాకు రోమన్ సేనాని వెంటిడియస్ వేషం ఇచ్చారు. అట్టతో చేసిన కిరీటం మాత్రం ఒక్కటే ఉంది, అది ద్వాలిది.

ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ సుద్దముక్క వాసన వస్తుంది నాకు. అంత హాయి మళ్ళీ ఎరగను.

ఎనిమిదింటికి పెద్దవంగరలో దిగి, ఆటోలో తండాకు వెళ్ళాను. ద్వాలి వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. చాయ్ ఇచ్చింది, ఉప్మా పెట్టింది. కాటారం మాటెత్తగానే మొహం మాడ్చుకుంది.

"గా సారుకాడికి నేను రాను. నాటకం ఆయితారమని కబురంపి, శనివారమే ఆడిచ్చిండు. తండా పిల్ల నెత్తిన కిరీటమేందని అట్ల జేసిండు. అందుకే బడికి పోవుడు బందు వెట్టిన."

నలభై ఏళ్ళు దాటినా ఆమె నమ్మకం అదే. ఆ కబురు సారు పంపలేదు. నాటకం ఆదివారానికి మారిందని సారు పేరు చెప్పి నేనే పుట్టించాను.

వెంటిడియస్ చేసిందీ ఇదే. తన దగ్గరి కబుర్లు పకోరస్‌కు చేరుతున్నాయని తెలిసి, కావాలనే తప్పుడు మాట వదిలాడు. యువరాజు అది నమ్మి చుట్టుదారిన నది దాటాడు. ఆ వ్యవధిలో రోమన్లు బలగం కూడదీసుకుని, గిండారస్ గుట్ట మీద అతన్ని చంపారు. సారు ఈ ఎత్తుగడ చెప్పిన వారానికే నేను దాన్ని ద్వాలి మీద వాడాను. ఆమె రాలేదని శనివారం చీకటి పడ్డాక యువరాజు వేషం నాకిచ్చారు, కిరీటం నా తలకెక్కింది.

ఇదంతా ఆ వాకిట్లోనే చెప్పేశాను. ద్వాలి తిట్టలేదు. మిరపకాయల మీద పట్టా కప్పి, చీర మార్చుకుని వచ్చి, "నడువ్" అంది. అంతే.

తొర్రూరులో బస్సు మారి, పదకొండున్నరకు హనుమకొండ చేరాం. అక్కడ భూపాలపల్లి బస్సు వెంటనే దొరికింది. ద్వాలి నాకు రెండు సీట్ల ముందు కూర్చుంది. పరకాల దాటాక బొగ్గు లారీలు ఎక్కువయ్యాయి. రెండుకు భూపాలపల్లిలో భోజనం చేశాం; పప్పు బాగుంది. కాటారం బస్సులో అడవి మొదలయ్యాక ఆమె కిటికీ తెరిచింది. మూడున్నరకు దిగాం.

సారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ద్వాలి మొహాన్ని తన కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

"కిరీటం వట్టుకొని చీకటి పడేదాక గేటుకాడ నిలవడ్డ బిడ్డా. ఎందుకు రాలేదే?"

ద్వాలి ఆయన చేయి వదల్లేదు. నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను.

"జొరమొచ్చింది సార్" అంది.

"నా మాటేమన్న నొచ్చిందా అనుకున్న ఇన్నేండ్లు" అన్నాడాయన. తర్వాత ఇద్దరూ పకోరస్ గురించి మాట్లాడుకున్నారు. కొడుకు పోయాక ఆ ముసలి రాజు రోజుల తరబడి నోరు విప్పలేదని సారు చెబుతుంటే, ద్వాలి చిన్నపిల్లలా కన్నీళ్ళు పెట్టుకుంది.

ఐదింటికి బయల్దేరి ఆరుకల్లా భూపాలపల్లి తిరిగొచ్చాం. హనుమకొండ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఈసారి ద్వాలి నా పక్కనే కూర్చుంది. సిరియా గెలిచిన వెంటిడియస్‌ను రోములో ఊరేగించారని సారు చెప్పేవాడు. గెలిచి తిరిగొచ్చేటప్పుడు అతనికేమనిపించిందో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

"సార్ ముందట నువ్వు జెప్తవని జూసిన సుశీలా" అంది ద్వాలి. "జరసేపు ఆగిన గూడ."

సంచి తీసుకుని లేచాను.

"నువ్వు గూడ రా" అన్నాను.

"నేనెందుకు? నువ్వే పో."

ఆమె బస్సు వెళ్ళిపోయింది. మేము దిగిన కాటారం బస్సు ఇంకా అక్కడే ఉంది. ఎక్కుతుంటే కండక్టరు నన్ను గుర్తుపట్టాడు.

"ఇప్పుడే గదమ్మా దిగింది, ఏమన్న మరిచిపోయినవా?"

"లేదు తమ్మీ. చెప్పకుండ వచ్చిన" అన్నాను.