రూతమ్మత్త చెవిపెట్టె

కొత్త సోల్డరింగ్ ఐరన్ మొనకి సీసం తీగ ఆనించగానే సన్నటి పొగ లేచి ముక్కుకి తగిలింది. గుగ్గిలం వేసినట్టూ ఉంటుంది, బెల్లం మాడినట్టూ ఉంటుంది ఆ వాసన. మొన్న పార్సిలులో వచ్చిన సామానంతా వంటింటి పక్క గదిలో నా బల్ల మీద పరిచాను. వేడి ఎంతుందో అంకెల్లో చూపించే ఈ ఐరన్, చుట్టూ లైటున్న భూతద్దం, తీగ తెగలేదంటే కీచుమని అరిచే మీటరు, చీమ కాలునైనా పట్టుకునే సన్న పట్టకారు, దుమ్ము ఊదే చిన్న మిషను. మా ఆయన మార్టూరులో గ్రానైటు రాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. డ్యూటీ దిగి వచ్చి, ఒంటినిండా తెల్లటి రాతిపొడితో గుమ్మంలో నిలబడి, "ఏమే, ఆపరేషను ఎవరికి?" అన్నాడు. "రూతమ్మత్త చెవిపెట్టెకి" అన్నాను. ఆయన ఇక ఎగతాళి చేయలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

ఆ చెవిపెట్టె అగ్గిపెట్టెకి రెండింతలు ఉంటుంది. వినపడనివాళ్ళు దాన్ని జాకెట్టుకి తగిలించుకుంటే, అందులోంచి ఒక తీగ పైకి వెళ్ళి, గుండీ అంత బిళ్ళగా చెవిలో కూర్చుంటుంది. అది మూగబోయి చాలాకాలమైంది. రూతమ్మత్త ఇప్పుడు చీరాలలో కూతురు శారమ్మ దగ్గర ఉంటోంది. కిందటి వారం శారమ్మ ఫోను చేసి, "వదినా, అమ్మ మాట్లాడటం మానేసింది. వినపడని మనిషికి మాటలెందుకే అంటది. పొద్దస్తమానం గోడవైపు తిరిగి కూర్చుంటాంది" అంది. ఆ మాట విన్నాకే ఈ సామానంతా తెప్పించాను. మా ఊళ్ళో ఎవరేం చెప్పినా చెవి ఒగ్గి విన్న మనిషి ఆవిడ. అలాంటి మనిషి గోడవైపు తిరగడమేమిటి? మీరెవరూ ఆవిడని చూసి ఉండరు కాబట్టి, ఆ చెవి ఎలాంటిదో నేనే చెప్పాలి.

నేను కాపరానికి వచ్చిన కొత్తలో ఆవిడ ఇల్లు మా ఎదురు సందులో ఉండేది. భర్త మైకు సెట్టు తిప్పేవాడట. చర్చి కూడికలకీ, పెళ్ళిళ్ళకీ, తిరునాళ్ళకీ ఆయన మైకే మోగేదట. ఆయనకి పక్షవాతం వచ్చాక, మంచం మీద నుంచి ఆయన నోటితో చెబుతుంటే ఈవిడ చేతులతో చేసి పని నేర్చుకుంది. నేను వచ్చేసరికి ఆయన లేడు. అరుగు మీద బల్ల, బల్ల నిండా పొట్ట విప్పిన రేడియోలు, ఫ్యాన్లు, మధ్యలో కళ్ళజోడు ముక్కు చివరికి జారిన రూతమ్మత్త. చుట్టరికం ఏమీ లేకపోయినా సందంతా ఆవిడని అత్తా అనే పిలిచేది. మా అత్తగారి మిక్సీ ఆగిపోతే దాన్ని చంకన పెట్టుకుని వెళ్ళడమే నేను మొదటిసారి ఆవిడ అరుగు ఎక్కడం.

"తిరగట్లేదండి" అన్నాను.

"అది కనపడతానే ఉందిలే. దీని కథ చెప్పు."

"మిక్సీకి కథేంటండి?"

"ఎందుకుండదే? ఎప్పుడు ఆగింది, ఆగేటప్పుడు కడుపులో ఏముంది, మూలిగిందా, కేకేసిందా, ఊరికే కళ్ళు మూసిందా? ఏం వాసనొచ్చింది? కూర్చోవే అమ్మాయ్. నిలబడి చెప్పే కథలు నాకు ఆనవు."

నేను చదివింది ఐదో తరగతి. పుట్టింట్లో వాగుడుకాయ అనేవాళ్ళు. అత్తింట్లో ఇంకా నోరు విప్పే చోటు దొరకలేదు. అడిగిందే చాలని కూలబడి మొదలుపెట్టాను. గోంగూర పచ్చడికి ఎండుమిరపకాయలు వేశాననీ, అంతలో మా మరిది దూడ తాడు తెంపుకుందని అరుచుకుంటూ వచ్చాడనీ, నేను చెయ్యి తీయకుండానే అటు చూస్తుండగా గిన్నె బిగుసుకుందనీ, రబ్బరు చెప్పు మంటలో పడ్డట్టు వాసన వచ్చిందనీ, కింద మోటారు మాత్రం రొద పెడుతూనే ఉందనీ, ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఆవిడ స్క్రూడ్రైవర్ ముట్టుకోకుండా అంతా విని, "దూడ దొరికిందా?" అని అడిగింది. దొరికిందన్నాను. "అయితే సరే. మోటారు బతికే ఉంది. గిన్నెకీ దానికీ మధ్య రబ్బరు చక్రం అరిగి ఉంటది" అంటూ అప్పుడు విప్పింది. చూస్తే అదే. ఆ రోజు ఇంటికి వస్తూ నా నోటికి కూడా ఒక పని ఉందన్నమాట అనుకున్నాను.

మర్నాటి నుంచి వంట కాగానే ఆ అరుగు మీదే ఉండేదాన్ని. ఆవిడ సామాను చూస్తే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. కరెంటు లేని పూట సీసం కరిగించడానికి రాగి మొన ఉన్న ఇనపకాడ ఒకటి, దాన్ని కుంపట్లో బొగ్గుల మధ్య కాల్చుకునేది. టార్చి బల్బుకి ఒక సెల్లూ రెండు తీగలూ కట్టుకుంది. ఆ రెండు తీగల కొనలూ అనుమానం ఉన్న చోట ఆనిస్తే, దారి బాగుంటే బల్బు వెలుగుతుంది, తెగితే వెలగదు. అదే ఆవిడ మీటరు. ఇంకా రంగులు వేసే పాత కుంచె. ఆ కుంచె ఎందుకో నాకు ముందు తెలియలేదు. మా పక్క ఈ పని నేర్చుకునేవాళ్ళు ఒక్కసారైనా చేసి తీరే పొరపాటు ఒకటి చేశాక తెలిసింది. కారం మిల్లువాళ్ళ రేడియో వచ్చింది. మూత తీసి చూస్తే లోపల దట్టంగా దుమ్ము. ఎవరైనా ఏం చేస్తారు? నేనూ మొహం దగ్గర పెట్టి ఉఫ్ అని ఊదాను. అది దుమ్ము కాదు, మిల్లు గాల్లో తేలి తేలి చేరిన కారం.

"ఊదావా? ఊదేశావా! ఒసేయ్ ధనం, నలపకు, కళ్ళు నలపకు! ఏడువు. గట్టిగా ఏడువు. ఏడుపే దీనికి మందు" అని ఆవిడ ఒక చేత్తో నా చేతులు పట్టుకుని రెండో చేత్తో కడుపు పట్టుకుని నవ్వింది. సందులో అందరూ పోగయ్యారు. "ఏమైందత్తా, కోడలు ఏడుస్తాంది?" అంటే, "చదువు మొదలైందిలేరా, అక్షరాభ్యాసం" అంది. నా కళ్ళు తెరుచుకున్నాక కుంచె చేతిలో పెట్టి, "ఇది మన సీమ దుమ్మే. ఊదితే తిరిగొచ్చి నిన్నే తింటది. నీ వైపు నుంచి అవతలికి తోసుకో, మెల్లగా" అని చూపించింది. ఈ రోజుకీ నా బల్ల మీద కుంచె కుడిచేతి పక్కనే ఉంటుంది.

కొత్త వస్తువంటే ఆవిడకి చిన్నపిల్లల సంబరం. ఒకసారి విడిభాగాల కోసం ఇద్దరం గుంటూరు వెళ్ళాం. కొట్లో అంకెలు చూపించే మీటరు మొట్టమొదటిసారి చూసింది. కొట్టువాడు టీ తాగొచ్చేలోపు దాన్ని చేతిలోకి తీసుకుని సెల్లుకి పెట్టి చూసింది, తన గాజుకి పెట్టి చూసింది, ఆఖరికి రెండు మొనలూ తన రెండు బొటనవేళ్ళతో నొక్కిపట్టి, "ధనం, ఇటు చూడవే! అంకెలు కదులుతున్నాయి. నేనూ ఒక తీగనే!" అని కేకేసింది. కొట్టువాడు వచ్చి, "కొంటారా అమ్మా?" అన్నాడు. "ముందు పరిచయం కానీ నాయనా. పెళ్ళిచూపుల్లోనే మెళ్ళో తాళి కట్టమంటే ఎట్టా?" అంది. కొనలేదు. బస్సులో దారి పొడుగునా మాత్రం దాని గురించే. మనిషి ఒంట్లో కూడా కరెంటు పోయే దారి ఉంటే, ఏడిస్తే ఆ అంకె మారుద్దా, నవ్వితే మారుద్దా అని నన్ను అడుగుతూ కూర్చుంది. నాకేం తెలుసు? కానీ అలా అడగొచ్చని ఆ బస్సులోనే తెలిసింది.

అలాంటి మనిషికి చెవులు తగ్గాయి. మొదట్లో ఆవిడ ఎవరికీ తెలియనివ్వలేదు. ఫ్యాను తిరుగుతుంటే స్క్రూడ్రైవర్ మొన మోటారుకి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కుకుని, లోపలి రొద పట్టుకునేది. మోటార్ల మాట అలా వినగలిగింది కానీ మనుషుల మాట ఎలా వింటుంది? ఎముకకి ఆనించుకోవటానికి మనిషికి పిడి ఉండదు కదా. అప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. వచ్చినవాళ్ళు కథ నాకు చెప్పాలి, నేను ఆవిడ చెవిలో అరవాలి. "ఉన్నదున్నట్టు చెప్పు. నీ సొంత కవిత్వం కలిపావంటే ట్రాన్స్‌ఫార్మర్ కాలుద్ది" అనేది. నేను కలపకుండా ఉండలేను, ఆవిడ కనిపెట్టకుండా ఉండదు. "ఇక్కడ నువ్వు కలిపావు, ఒట్టెయ్" అని పట్టుకునేది. చెప్పడంలో ఏది వదలకూడదో, ఏది కలపకూడదో అక్కడ నేర్చుకున్నాను.

తర్వాత శారమ్మ ఈ చెవిపెట్టె తెచ్చిపెట్టింది. దాని పక్కన సౌండు పెంచే చిన్న చక్రం ఉంటుంది. ఆ చక్రం తిప్పుకుంటూ రూతమ్మత్త మహారాణిలా తిరిగింది. చర్చిలో పాటలకి పెంచేది, ప్రసంగం సాగిందంటే తగ్గించేది. పాస్టరు గారు కనిపెట్టి, "రూతమ్మా, చెయ్యి చక్రం మీద నుంచి తియ్యి" అని మైకులోనే అన్నారట. మిరపకాయల తొడిమలు తీసే చోట కూడా గుండెల మీద అదే. కొన్నాళ్ళకి మాట వచ్చి వచ్చి పోవడం మొదలుపెట్టి, చివరికి పూర్తిగా ఆగిపోయింది. సెల్లు మార్చాను, తీగ మార్చాను. మూత విప్పితే లోపల ఆవగింజలంత ముక్కలు. నా ఐరన్ మొన బొటనవేలంత. గునపంతో ముక్కుపుడక సరిచేయబోయినట్టు ఉంది. రూతమ్మత్త నా మణికట్టు పట్టుకుని ఆపింది. "మూసెయ్యవే. దీనికి తగ్గ సామాను మన దగ్గర లేదు. లేదని ఒప్పుకుని బిగించడం కూడా పనే. నీ దగ్గరే ఉంచు. సామాను వచ్చిన రోజు తియ్యి" అంది. శారమ్మ ఆ తర్వాత చెవిలోనే దాగిపోయే చిన్న మిషను కొనిపెట్టింది. అది ఒక రోజు తొడిమలు తీస్తుండగా జారి మిరప రాశిలో పడిపోయింది. రాశంతా వెతికినా దొరకలేదు. "ఈపాటికి అది యార్డుకి చేరి మిర్చి రేటు వింటూ ఉంటది" అని నవ్వింది కానీ, ఇంకొకటి మాత్రం వద్దంది. గింజంత వస్తువు తన చేతికి ఆనదట. కావాలంటే తన చక్రం ఉన్న పెట్టే కావాలట. అలాగే చీరాల వెళ్ళిపోయింది.

ఇదీ ఆ పెట్టె వెనక ఉన్నది. మా ఆయన స్టూలు లాక్కుని కూర్చున్న ఆ సాయంత్రం మూత విప్పి భూతద్దం కింద పెడితే లోపలంతా ఎర్రటి పొడి. మా ఆయన ఉత్సాహంగా దుమ్ము ఊదే మిషను అందుకున్నాడు. "కొత్తది కొన్నావుగా, ఊదనా?" "ఆగయ్యా!" అని అరిచిన గొంతు నాది కాదు, ఆవిడదే. కుంచె తీసి, నా వైపు నుంచి అవతలికి, మెల్లగా తోశాను. తర్వాత ఐరన్ అందుకోబోయి ఆగాను. లోపల రాగి గీతలు వెంట్రుకల్లా ఉన్నాయి. వేడి ఒక్క రవ్వ ఎక్కువైతే గీత లేచిపోతుంది, ఇక ఆ పెట్టె పెట్టె కాదు. ఎక్కడ ముట్టుకోవాలో ముందు తెలియాలి.

"దీని కథ చెబుతాను, వింటావా?" అన్నాను మా ఆయనతో. ఆయన నిద్రమొహంతోనే ఊ అన్నాడు. మొదట్నుంచీ చెప్పాను. మాట వచ్చి వచ్చి పోయేది. పోయినప్పుడల్లా రూతమ్మత్త బొటనవేలితో చక్రాన్ని అదిమేది. అదిమినంతసేపూ వినపడేది, వేలు తీస్తే పోయేది. చర్చిలో ఆవిడ చెయ్యి అస్తమానం చక్రం మీదే ఉన్నది అందుకు కూడానేమో. అంతవరకూ చెప్పి నేనే ఆగిపోయాను. "అదిమితే వినపడేదా? అయితే చక్రం కిందే కదా" అన్నాడు మా ఆయన. భూతద్దం అటు జరిపాను. చక్రాన్ని లోపల అతికించి పట్టుకునే సన్న కాలు చుట్టూ సీసంలో గుండ్రంగా ఒక చీలిక. ఉత్త కంటికి అది ఎప్పటికీ కనపడదు. ఊపిరి బిగబట్టి ఐరన్ మొన ఆనించి తీశాను. వేడన్నం మీద నెయ్యిలా సీసం మెరిసి, సర్దుకుని, నిలిచింది. మీటరు మొనలు పెడితే కీచుమంది. సెల్లు వేసి బిళ్ళ చెవిలో పెట్టుకుంటే, పెరట్లో నేల మీద పరిచిన పరదాపై ఎండిన మిరపకాయలు గాలికి గలగలమనడం వినపడింది. ఇంకా దగ్గరగా మా ఆయన, "ఏమైందే? ఏమైందో చెప్పి చావు!" అంటున్నాడు.

మర్నాడు చీరాల బస్సెక్కాను. శారమ్మ ఇంటికి రెండు పక్కలా పవర్‌లూములే. రూతమ్మత్త నిజంగానే గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. భుజం తట్టితే చూసింది, నవ్వింది. పెట్టె అరచేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని చెవికి కాదు, ముందు ముక్కుకి ఆనించుకుంది. "కొత్త సీసం" అంది. బిళ్ళ చెవిలో పెట్టుకుని, నన్ను చెయ్యి వేయనివ్వకుండా తనే చక్రం తిప్పింది. మొహమంతా ముడుచుకుపోయింది.

"ఏంటే ఈ గోల?"

"మగ్గాలత్తా!"

"ఇన్నాళ్ళూ నన్ను ఈ గోల మధ్యన కూర్చోబెట్టిందా ఇది?" అని శారమ్మ వంక గుర్రుగా చూసింది. శారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రూతమ్మత్త చక్రం కాస్త తగ్గించింది, మళ్ళీ పెంచింది, వేలు తీసి చూసింది. సౌండు పోలేదు. అప్పుడు పూర్తిగా నా వైపు తిరిగి, మంచం మీద పక్కన చోటు చూపించింది.

"కూర్చోవే అమ్మాయ్. దీని కథ చెప్పు."

పార్సిలు దగ్గర నుంచి మొదలుపెట్టాను. భూతద్దం ఎంతుంది, మీటరు ఎలా అరుస్తుంది, ఐరన్ మీద అంకెలు ఏ రంగులో వెలుగుతాయి అని మధ్యలో ఆపి ఆపి అడిగింది. మా ఆయన దగ్గరికి రాగానే, "ఊదాడా?" అంది. ఊదబోయాడన్నాను. మంచం ఊగేలా నవ్వింది. నేను ఒకచోట కాస్త కలిపాను. పట్టుకుంది.

ఇప్పుడు నా బల్ల మీదికి ఛార్జింగ్ స్ప్రేయర్లు వస్తాయి, ఫోన్లు వస్తాయి, కాటాలు వస్తాయి. తెచ్చినవాళ్ళు తొందరలో ఉంటారు, పెట్టేసి పోతామంటారు. నేను స్టూలు చూపిస్తాను. నిలబడి చెప్పే కథలు నాకూ ఆనవు.