రెండో చాట

పొద్దున్నే పక్కింటావిడ బియ్యం చెరుగుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. ఈరోజు పెత్రమాస. భాద్రపద అమావాస్య నాడు పోయిన పెద్దలను తలుచుకుని, చాటలో బియ్యమూ కూరగాయలూ పెట్టి, వాళ్ళ పేర్లు చెప్పి అయ్యగారికి ఇస్తాం. వనపర్తిలో మా వీధిలో ఈ పూట ఏ గుమ్మంలో చూసినా చాటలే. ఆ గలగల చెవిన పడితే అందరికీ అమ్మమ్మలూ తాతలూ గుర్తుకొస్తారు. నాకు మాత్రం అక్కా అన్నట్టు అందరం ఆపా అని పిలిచే జైనబ్ ఆపా గుర్తుకొస్తుంది. ఉర్దూ టీచరమ్మకూ పెత్రమాసకూ ఏం సంబంధమని మా ఆయన మొదట్లో నవ్వేవాడు. సంగతంతా విన్నాక నవ్వడం మానేశాడు.

ఆపా మా పుట్టింటి ఊరు గద్వాలలో బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. నిజాం కాలపు భూమి కాగితాలు మా వైపు ఉర్దూలోనే ఉంటాయి. ఆ గొలుసుకట్టు చేతిరాత చదవగలిగినవాళ్ళను ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఆమె ఇంటి ముందు బల్ల మీద ఎప్పుడూ ఎవరో ఒకరు మడతలు పడిన కాగితం పట్టుకుని కూర్చుని ఉండేవారు. డిగ్రీ అయి ఇంట్లో ఖాళీగా ఉన్న రోజుల్లో నేనూ మా నాన్నతో కలిసి అలాగే వెళ్ళాను. నాన్న జన్మంతా ఒకరి చేలల్లో కూలి చేసినవాడు. తాతకు రెండెకరాలు ఉండేవనీ, ఎవరో కాజేశారనీ ఆయన నమ్మకం. ఆపా చూపుడు వేలు ఒక్కో అక్షరం మీద నడిపిస్తూ చదివి, తల ఎత్తింది.

"ఉండె అన్నా, మీ నాయినకు రెండెకరాలు ఉండె. కని ఎవలూ కాజెయ్యలే. ఆయననే అమ్ముకున్నడు."

నాన్న ముఖం చిన్నబోయింది. ఆపా లోపలికి వెళ్ళి చాయ్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "పరేషాన్ గాకు. ఇగ నుంచి ఎవల్నీ తిట్టుకోకుండ పండుకోవచ్చు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఇంత సదువు సదివి ఇంట్ల ఏం జేస్తున్నవ్ బిడ్డా? రేపటి సంది రా. అలీఫ్ కాడికెల్లి నేర్పుత."

అలా మొదలై రెండేళ్ళు ఆమె దగ్గర కూర్చున్నాను. అక్షరాలు ఆరు నెలల్లో వచ్చాయి. ఆమె పని పద్ధతి మాత్రం నాకు చాలాకాలం తలకెక్కలేదు. ఎవరైనా తమ తాతముత్తాతల పేర్లు వెతికి వంశం తీయమని వస్తే ఆపా ముందు కాగితాలు చదివేది, తర్వాత వాళ్ళ ఇంటికి వెళ్ళి ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద ఆడమనిషి పక్కన కూర్చునేది. గంటలు గంటలు ఊరగాయల గురించీ, బాలింతల గురించీ, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారన్నదాని గురించీ మాట్లాడేది. నేను గోడకు ఆనుకుని ఆవలించేదాన్ని. "మగోళ్ళు భూమి సంగతి చెప్తరు, ఆడోళ్ళు మనుషుల సంగతి చెప్తరు. రెండూ గావాలె" అనేది దారిలో. నాకేమో రిజిస్టరులో లేనిది నిజమే కాదనిపించేది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు.

అప్పుడే ఇటిక్యాల దగ్గరి ఊరి నుంచి కృష్ణారెడ్డి పటేలు వచ్చాడు. ఆ వైపు పేరున్న పాత భూస్వాముల ఇల్లు. ఏడు తరాల వంశవృక్షాన్ని నల్లరాతి మీద చెక్కించి వాకిట్లో నిలబెట్టాలనీ, ఆ రోజు బంధువులందరినీ పిలవాలనీ ఆయన ఆశ. ఆపాకు అప్పటికే మోకాళ్ళ నొప్పులు. "ఈ పని నువ్వే జెయ్యి. వంశం రాసిన కాగితం కింద సంతకం గూడ నువ్వే పెట్టు" అంది. నా మొదటి సంతకం! ఈ పని నిలబడితే నలుగురు నా దగ్గరికి వస్తారు, చెడితే మళ్ళీ ఇంట్లో ఖాళీగా కూర్చోవడమే. నాన్న అయితే కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

పటేలు ఇంటికి వెళ్ళాను, కాగితాలు చూశాను. ఆయన భార్య పద్మమ్మ గారు అన్నం పెట్టి పక్కనే కూర్చుని ఏవేవో చెబుతుంటే ఊ కొడుతూ తిన్నాను. వారంలో పని పూర్తయింది. ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే పహాణీలో ప్రతి పేరు పక్కన తండ్రి పేరు ఉంది, ఒకదానికొకటి గొలుసులా అతికింది. తిమ్మారెడ్డి కొడుకు నర్సిరెడ్డి, నర్సిరెడ్డి కొడుకు పటేలు తాత. అంతకు ముందరి పాత పుస్తకాలు చూడాలంటే రికార్డుల గదిలో రోజంతా పడిగాపులు పడాలి, పైగా చెదలు. అవసరం లేదనుకున్నాను. సంతకం పెట్టాను. రాయి చెక్కేశారు.

ఇంకో నాలుగు రోజుల్లో ముహూర్తం అనగా, ఆపా ఇంట్లో చిక్కుడుకాయలు వలుస్తూ, నవ్వుకోవడానికని ఒక సంగతి చెప్పాను. "ఆపా, ఆ పద్మమ్మ గారింట్లో పెత్రమాసకు రెండు చాటలు తీస్తరంట. ఒకటి వాళ్ళ పెద్దలకు. రెండోది ఎవరికని అడిగితే ఆమెకే తెల్వదు. మా అత్త తీసింది, నేను తీస్తున్న అంటది."

ఆపా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"ఈ ముచ్చట నీకెప్పుడు చెప్పింది?"

"మొదటి రోజే."

"రాసుకున్నవా?"

రాసుకోలేదు. కాగితంలో లేదు కదా అన్నాను. ఆపా తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "రెండిండ్ల పెద్దలకు ఎవలు తీస్తరు బిడ్డా? ఇల్లుటం వచ్చినోళ్ళ ఇంట్ల తీస్తరు. ముస్లిమామెను, నాకు ఎరికే. నీకు ఎరికే లేదా?"

ఎందుకు తెలియదు! కొడుకులు లేని ఇంటికి అల్లుణ్ణి తెచ్చుకుంటే ఆయన మామ ఇంటిపేరే పెట్టుకుంటాడు, మామ భూమే దున్నుతాడు. కొన్నాళ్ళకు ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీ కూడా మామనే తండ్రిగా రాసేస్తాడు. మా మేనమామే అలా ఇల్లుటం వెళ్ళాడు. మర్నాడు రికార్డుల గదిలో పొద్దంతా కూర్చుని, ఒకరు పోయాక భూమి ఎవరికి చేరిందో రాసే పాత విరాసత్ పుస్తకం తెరిపించాను. సగం పేజీ చెదలు తినగా మిగిలిన సగంలో స్పష్టంగా ఉంది. తిమ్మారెడ్డికి మగ సంతానం లేదు. భూమి ఇల్లుటపు అల్లుడు నర్సిరెడ్డికి మార్చడమైనది. నర్సిరెడ్డి తండ్రి కల్వకుర్తి వైపు హనుమిరెడ్డి.

ఆపా విని, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లేని కొడుకును పుట్టించినవ్ గద" అని కొంచెం నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఆ పుస్తకం ఎవరు తెరుస్తారు, ఎవరికి తెలుస్తుంది, ఊరుకుంటే పోదా అని పైకే అనేశాను.

"ఊకో. నేనైతే ఎవలకూ చెప్ప. సంతకం నాది గాదు" అంది ఆపా.

రాత్రంతా దొర్లి, తెల్లవారాక బస్టాండుకు వెళ్ళాను. ఇటిక్యాల బస్సు దగ్గర నల్ల బురఖాలో ఆపా బెంచీ మీద కూర్చుని ఉంది, ఒళ్ళో చాయ్ ఫ్లాస్కు. నేను వస్తానని ఎవరు చెప్పారో! "చెప్పేది నువ్వే. నేను ఊకె పక్కన కూసుంట" అంది. ఆ మోకాళ్ళతో బస్సు మెట్లు ఎక్కడానికి ఆమె పడిన కష్టం నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంది.

పటేలు విని కుర్చీలోంచి లేచాడు. "రాయి చెక్కినంక చెప్తవా? మా ముత్తాత ఇల్లుటం వచ్చిండని ఊరందరి ముంగట నిలవెట్టాల్నా?" తప్పు నాదేననీ, పాత పుస్తకం తెరవలేదనీ, ఇంటామె చెప్పిన మాట చెవిన పెట్టలేదనీ చెప్పాను. ఆపా నా మోచేతిని పట్టుకుని కూర్చుంది, అంతే.

అప్పుడు పద్మమ్మ గారు గుమ్మంలోకి వచ్చింది. "అయితే ఆ రెండో చాట ఎవలదమ్మా?"

"హనుమిరెడ్డిదమ్మా. మీ సారు ముత్తాతను కన్న తండ్రి."

ఆమె గడప మీదే కూలబడింది. "నలపై ఏండ్ల సంది తీస్తున్న. అయ్యగారు పేరడిగితే నోరు మూసుకునేదాన్ని" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత భర్త వైపు చూసి, "రాయిదేముంది, ఇంకోటి తెప్పియ్యి" అంది. మళ్ళీ నన్నడిగింది. "మరి తిమ్మారెడ్డి బిడ్డ పేరేంది? ఈ వంశమంత ఆమె కడుపుల నుంచే గద వచ్చింది."

ఆ పేరు ఏ పుస్తకంలోనూ లేదు. పటేలు విసుగ్గా, "ఏదో ఒకటి, లక్ష్మమ్మని రాయి" అన్నాడు. నేను ఆపా వైపు చూశాను. ఆమె నేల చూపులు చూస్తోంది. "రాయలేను పటేలా. తెలియనిది రాసే ఒకసారి తప్పు చేశాను" అన్నాను. కొత్త రాతి మీద "తిమ్మారెడ్డి బిడ్డ" అని చెక్కి, పక్కన పేరుకు సరిపడా జాగా వదిలారు. ఇప్పటికీ అది ఖాళీగానే ఉంది. నన్ను ఇక ఎవరూ పిలవరనుకున్నాను. పటేలే నలుగురిని పంపాడు, "తప్పు జేసి, వచ్చి చెప్పిన పిల్ల" అని చెప్పి మరీ.

ఆ రోజు తిరుగు బస్సులో ఆపా ఫ్లాస్కు మూతలో చాయ్ పోసిచ్చి, "ఇప్పుడు పెట్టినవ్ సంతకం" అంది. ఆ తర్వాత ఎన్ని వంశాలు తీశానో. ఏ ఇంటికి వెళ్ళినా ముందు ముసలమ్మ పక్కన కూర్చుంటాను, ఊరగాయల దగ్గర్నుంచి మొదలుపెడతాను. నాలో ఏదైనా ఓపిక ఉందంటే అది ఆమె పెట్టిన భిక్షే.

ఆపా పోయిన ఏడు కన్నుమూసింది. ఈ పొద్దున నేను రెండో చాటలో బియ్యం పోస్తుంటే, "ఇది ఎవరిదమ్మా?" అని మా అమ్మాయి అడిగింది. అడిగినందుకు దాన్ని దగ్గరికి తీసుకున్నాను. అయ్యగారు వచ్చారు. మొదటి చాటకు నాన్న పేరు చెప్పాను. రెండోదానికి "జైనబున్నీసా" అన్నాను. "గోత్రం?" అన్నారు ఆయన.

"తెల్వదయ్యగారూ. తెలియనిది చెప్పను" అన్నాను. "పేరు మాత్రం గట్టిగా చదవండి. మా పిల్ల వినాలి."